పన్నెండో నిమిషానికి ఇల్లంతా చీకటి: మా గోడ ఓవెన్‌ను ఇంట్లోనే బాగుచేసుకొన్న నెల

2025 ఆగస్టు 2, శనివారం సాయంత్రం ఆరున్నరకు ఓవెన్‌ను 180 డిగ్రీల దగ్గర పెట్టి, నాబ్‌ను ఫ్యాన్ గుర్తు మీదికి తిప్పి, పొంగిన పిండిని బ్రెడ్డు అచ్చుల్లోకి సర్దుతుండగా ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. కరెంటు పోయిందనుకొని బాల్కనీలోకి వెళ్ళి చూస్తే ఎదురింటి వంటగదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఎం.సి.బి. బాక్సు (తేడా వస్తే తమంతట తామే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చులు ఉండే పెట్టె) తెరిస్తే, ఓవెన్‌కు విడిగా వేయించిన 20 ఆంపియర్ల ఎం.సి.బి. పైకే ఉంది, ఇంటి మొత్తానికి కాపలాగా ఉండే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అనే మరో స్విచ్చు మాత్రం కిందికి పడిపోయి ఉంది. ఈ రెండింటికీ ఉన్న తేడా ఎంతటిదో ఆ సాయంత్రం నాకు తెలియదు. ఆర్.సి.సి.బి.ని పైకెత్తి, ఓవెన్ మళ్ళీ పెట్టాను. ఈసారి మూడు నిమిషాలకే పడిపోయింది. నాలుగు బ్రెడ్ల పిండి అచ్చుల్లోనే పులిసిపోయింది.

మాది హైదరాబాదు నిజాంపేటలో ఐదో అంతస్తు ఫ్లాటు. వంటగదిలో ఛాతీ ఎత్తున, పొడవాటి కప్‌బోర్డులో అమర్చిన 60 సెంటీమీటర్ల వెడల్పు ఓవెన్ అది. కొని ఆరేళ్ళయింది, వారంటీ ఎప్పుడో తీరిపోయింది. నేను మా అపార్ట్‌మెంటులోని కొన్ని ఇళ్ళకు వారానికి రెండుసార్లు గోధుమ బ్రెడ్డు, రాగి బిస్కెట్లు చేసి ఇస్తాను. అది పెద్ద వ్యాపారం కాదు గాని, ఉద్యోగం మానేసిన తరువాత నా చేతులతో నేను సంపాదించుకొంటున్న డబ్బు. అందుకే ఆ సాయంత్రం ఓవెన్ ముందు కూర్చుంటే కళ్ళు చెమర్చాయి. జూన్ మూడో వారం నుంచి జులై నెలాఖరు దాకా అమ్మకు ఒంట్లో బాగాలేక తెనాలిలోనే ఉండిపోయాను. ఆ ఆరు వారాలూ ఓవెన్‌ను ఎవరూ ముట్టుకోలేదు, బయట వానలు కురుస్తూనే ఉన్నాయి. ఈ రెండు సంగతులకూ ఓవెన్ చెడిపోవడానికీ సంబంధం ఉందని తరువాత గాని అర్థం కాలేదు.

మర్నాడు ఆదివారం పొద్దున మావారూ నేనూ కలిసి ఒక్కొక్క పద్ధతినీ విడివిడిగా పరీక్షించాము. కింది కాయిల్ ఒక్కటే పెడితే అరగంట సేపు ఏమీ కాలేదు. పై కాయిల్, గ్రిల్లు కూడా నిక్షేపంగా పనిచేశాయి. ఫ్యాన్ చుట్టూ ఉండే గుండ్రటి కాయిల్ వేడెక్కే పద్ధతిలో పెట్టినప్పుడు మాత్రం సరిగ్గా పన్నెండో నిమిషానికి ఇల్లు చీకటైంది. ఇది గంటన్నరలో, రూపాయి ఖర్చు లేకుండా మేము తెలుసుకొన్న విషయం. ఇలాంటి ఇబ్బంది వచ్చినవారు ఎవరినైనా పిలిచే ముందే ఇది చేసి, ఏ పద్ధతిలో ఎన్నో నిమిషానికి పడిపోతోందో కాగితం మీద రాసి పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. ఆ కాగితమే చివరికి మాకు దారి చూపింది.

సోమవారం కంపెనీ సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే గురువారం, ఆగస్టు 7న మనిషి వచ్చాడు. నేను రాసిన కాగితం చూపించబోతే పక్కన పెట్టమన్నాడు. లోపలి వెనక రేకు విప్పి, గుండ్రటి కాయిల్ రెండు కొసల మధ్య మీటరు పెట్టి, 27 ఓమ్‌లు చూపిస్తోంది కనుక కాయిల్ బాగానే ఉందనీ, కంట్రోల్ బోర్డు పోయిందనీ, మొత్తం 11,400 రూపాయలు అవుతుందనీ, బోర్డు రావడానికి మూడు వారాలు పడుతుందనీ చెప్పాడు. చూసినందుకు జి.ఎస్.టి.తో కలిపి 767 రూపాయలు తీసుకొన్నాడు. బోర్డు పోతే మిగతా పద్ధతులన్నీ ఎలా పనిచేస్తున్నాయని అడిగాను, జవాబు రాలేదు.

ఆదివారం, 10వ తేదీన, మా వీధిలో పనిచేసే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాము. అతడు ఐదు నిమిషాలు చూసి, "మేడమ్, ఓవెన్‌కు ఏం కాలేదు. ఈ ఆర్.సి.సి.బి. ఊరికే పడిపోతది. ఓవెన్ లైనును దీంట్లోంచి తప్పించి డైరెక్టుగా కలిపేస్తా, ఇక పడనే పడదు" అన్నాడు. పోతున్న కరెంటును ఆపకుండా, అది పోతోందని చెప్పే నోరును మూయించడమే ఆ మరమ్మతు. మావారు వద్దని ఖచ్చితంగా చెప్పి, వచ్చినందుకు 300 రూపాయలు ఇచ్చి పంపారు. ఆ తలుపు ముట్టుకొనేది నేను. మా పాప కూడా అప్పుడప్పుడు పక్కనే నిలబడి అద్దంలోంచి బిస్కెట్లు ఎర్రబడడం చూస్తుంటుంది. ఆ మాట విన్నప్పటి కోపం ఇది రాస్తుంటే కూడా తగ్గలేదు.

ఆ రాత్రే మేము మా పై అంతస్తులో ఉండే బాబాయిగారిని కలిశాము. ఆయన విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మాకు చుట్టం కాదు గాని మా ఇంట్లో అందరూ బాబాయిగారనే పిలుస్తారు. నా కాగితం ఆయన రెండుసార్లు చదివారు. "ఎం.సి.బి. పడితే ఎక్కువ కరెంటు లాగినట్టు అమ్మా. ఆర్.సి.సి.బి. పడిందంటే, వెళ్ళిన కరెంటు వెళ్ళినంతా తిరిగి రావట్లేదు, దారిలో కొంత ఓవెన్ ఒంట్లోంచి ఎర్తులోకి కారిపోతోంది. చల్లగా ఉన్నప్పుడు ఆగి, వేడెక్కాక పడుతోందంటే నా అనుమానం కాయిల్ మీదే" అన్నారు. కాయిల్ గొట్టం లోపల వేడెక్కే తీగ ఉంటుందనీ, ఆ తీగకూ పైనున్న స్టీలు గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లటి పొడిని కూరి ఉంచుతారనీ, ఆ పొడికి గాలిలోని చెమ్మను పీల్చుకొనే గుణం ఉందనీ ఆయన విడమరిచి చెప్పారు. కొస నుంచి కొసకు తీగ తెగలేదు కాబట్టి సర్వీసు మనిషి మీటరులో 27 ఓమ్‌లు కనిపించడం న్యాయమే. కాని తీగకూ గొట్టానికీ మధ్య అతడు మీటరు పెట్టనే లేదు. ఆ కొలతకు మామూలు మల్టీమీటరు చాలదనీ, 500 వోల్టులు పెట్టి చూసే మెగ్గర్ కావాలనీ, తన దగ్గర ఒకటి ఉందనీ అన్నారు. అప్పుడు మా ఇద్దరికీ ప్రాణం లేచివచ్చింది.

ఆగస్టు 15 సెలవు రోజున మొదలుపెట్టాము. ముందుగా ఓవెన్ ఎం.సి.బి.తో పాటు మెయిన్ కూడా ఆపేసి, బాక్సు మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించాము. తలుపు తీయడం తేలికైన పనే గాని ఒక ప్రమాదం ఉంది: రెండు వైపులా మడత బందుల దగ్గర చిన్న కొక్కేలు ఉంటాయి, వాటిని ముందుకు తిప్పి, తలుపును సగం మూసి పైకి ఎత్తాలి. కొక్కెం సరిగ్గా తిరగకపోతే బందులోని స్ప్రింగు ఉండేలు దెబ్బలా వెనక్కి వచ్చి వేళ్ళు నలుగుతాయి. ఇద్దరం ఉన్నాము కాబట్టి సరిపోయింది. లోపలి వెనక రేకుకు నాలుగు నక్షత్రపు తల మరలు ఉన్నాయి, వాటికి టి20 స్క్రూడ్రైవరు కావాలి. అది లేక ముందురోజే 450 రూపాయలు పెట్టి సెట్టు కొన్నాము. మూడు మరలు మాట విన్నాయి. నాలుగోది ఆరేళ్ళ నూనె మాడి గోడకు అతుక్కుపోయింది. దాని మీద రెండు చుక్కల నూనె వేసి గంట ఆగి, స్క్రూడ్రైవరు పిడి మీద సుత్తితో మెల్లగా తట్టి తిప్పితే గాని కదలలేదు. ఆ గంటసేపూ మర తల అరిగిపోతే ఏమవుతుందోనన్న భయంతో నేను వంటగదిలోంచి బయటికి రాలేదు.

రేకు తీశాక గుండ్రటి కాయిల్ కనబడింది. రెండు మరలు విప్పితే అది మూడు సెంటీమీటర్లు ముందుకు వచ్చింది. దాని వెనక రెండు తీగలు బిగుతైన లగ్గులతో (తీగ కొసన ఉండే లోహపు తొడుగులతో) తగిలించి ఉన్నాయి. తీగలను ముందే దారంతో కట్టి బయటికి ఒక కొస వదలాలని నాకు తట్టలేదు. ముక్కుపట్టకారుతో మొదటి లగ్గును లాగి, రెండోదాని కోసం చేయి మార్చేలోగా, విప్పిన తీగ అది వచ్చిన వెనక రంధ్రంలోంచి వెనక్కి జారి కనబడకుండా పోయింది. దానిని తిరిగి పట్టుకోవాలంటే ఓవెన్ మొత్తాన్ని గోడలోంచి బయటికి లాగడం తప్ప మార్గం లేదు. అరగంటలో అయిపోవలసిన పని మర్నాటికి పడింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

16వ తేదీ శనివారం, కృష్ణాష్టమి. బాబాయిగారు పూజ ముగించుకొని పదకొండు గంటలకు దిగి వచ్చారు. ఓవెన్ చట్రానికి తలుపు పక్కల రెండేసి మరలు, మొత్తం నాలుగు ఉంటాయి. అవి తీస్తే ఓవెన్ ఒట్టినే అరలో కూర్చున్నట్టు. తలుపు తీసేసినా ఇద్దరు మనుషులు ఆయాసపడేంత బరువు. మేము చదువుకొనే బల్లను అర ముందుకు జరిపి, దాని మీద రెండు పీటలు, ఒక మందపాటి దుప్పటి వేసి అర ఎత్తుకు సరిగ్గా తెచ్చి, ఓవెన్‌ను ఎత్తకుండా దాని మీదికి జరుపుకొన్నాము. సగం దూరం వచ్చాక ఆగవలసి వచ్చింది, ఎందుకంటే వైరు పొడవు చాలలేదు. ప్లగ్గు అర వెనక గోడకు ఉంది. మావారు పక్క సందులోంచి చేయి దూర్చి ప్లగ్గు లాగితే అది ఊడి రాలేదు. రెండోసారి లాగినప్పుడు వచ్చింది, దానితో పాటు మాడిన ప్లాస్టిక్ వాసన కూడా వచ్చింది.

ఆ ప్లగ్గును నేను చేతిలో పట్టుకొని చాలాసేపు చూశాను. మూడు పిన్నులలో ఫేజు పిన్ను నల్లబడి, దాని మొదట్లో తెల్లటి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, వేడికి సాగి చిన్న చుక్కలా గడ్డకట్టి ఉంది. సాకెట్ విప్పి చూస్తే ఫేజు మర వదులు; ఎర్తు తీగ మర ఇంకా వదులు, వేలితో కదిపితే కదులుతోంది. బాబాయిగారు ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆ రోజు ఆర్.సి.సి.బి. తప్పించి ఉంటే, ఈ ఎర్తు కూడా ఎప్పుడైనా ఊడితే, ఓవెన్ ఒళ్ళంతా కరెంటే అమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఆరేళ్ళుగా మేము ఆ అర వెనక ఏముందో ఒక్కసారీ చూడలేదు.

వెనక రేకు విప్పి, జారిపోయిన తీగను పట్టుకొని, కాయిల్‌ను పూర్తిగా విడదీశాక మెగ్గర్ పెట్టాము. కాయిల్‌కు ఉన్న రెండు తీగలనూ విప్పకుండా మెగ్గర్ పెట్టకూడదని, ఆ 500 వోల్టులు కంట్రోల్ బోర్డులోకి వెళితే నిజంగానే బోర్డు పోతుందని బాబాయిగారు రెండుసార్లు హెచ్చరించారు. మిగిలిన కాయిళ్ళను కూడా అలాగే విప్పి చూశాము. మెగ్గర్ చూపే అంకె ఎంత పెద్దదైతే కరెంటు అంత తక్కువగా కారుతున్నట్టు. కింది కాయిల్ 50 మెగాఓమ్‌లకు పైన, పై కాయిల్ 30కి పైన చూపించాయి. గుండ్రటి కాయిల్ దగ్గర ముల్లు 0.2 మెగాఓమ్ దగ్గర ఆగింది. చల్లగా ఉన్నప్పుడే అంత ఉంటే, వేడెక్కేకొద్దీ అది పడిపోతూ వచ్చి, కారే కరెంటు ఆర్.సి.సి.బి. ఓర్చుకొనే హద్దు దాటేసరికి పన్నెండు నిమిషాలు పడుతోందన్నమాట.

కాయిల్‌ను కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి ఎండలో తిప్పి చూశాను. కొసకు నాలుగు అంగుళాల దూరంలో, వంపు తిరిగే చోట, గొట్టం కందిగింజంత ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు మీద వెంట్రుక మందాన ఒక చీలిక, ఆ చీలిక అంచున ముగ్గుపిండిలాంటి తెల్లటి పొడి. గోటితో తాకితే రాలింది. అంత చిన్న చీలికలోంచి ఆరు వారాల వాన చెమ్మ లోపలికి చేరింది. చెమ్మ పట్టిన కాయిల్‌ను తక్కువ వేడిలో ఆరబెడితే కొన్నిసార్లు కోలుకొంటుందని, కాని గొట్టమే చీలినప్పుడు ఆ ప్రయత్నం దండగని బాబాయిగారు అన్నారు.

ఇక కొత్త కాయిల్ కోసం వెతుకులాట. కంపెనీ వారిని అడిగితే కాయిల్ ఒక్కటీ అమ్మము, మా మనిషే వచ్చి వేయాలన్నారు. ఆగస్టు 18న ఆన్‌లైనులో, ఓవెన్ తలుపు చట్రం లోపల అంటించిన మోడల్ నంబరు చూసి, 2,450 రూపాయలకు తెప్పించాను. 23న వచ్చింది. గుండ్రం కొలత సరిపోయింది గాని మరలు బిగించే పట్టీ రంధ్రాల దూరం ఐదు మిల్లీమీటర్లు తేడా. ఒకే మోడల్ నంబరులో ఏడాదిని బట్టి పట్టీ మారుతుందని అప్పుడు తెలిసింది. వెనక్కి పంపితే డబ్బు తిరిగి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. కోఠి దగ్గర ట్రూప్ బజారులో మూడు దుకాణాలు తిరిగాను. గీజరు కాయిళ్ళు, ఇస్త్రీపెట్టె కాయిళ్ళు ఎన్నయినా ఉన్నాయి, ఓవెన్ గుండ్రటి కాయిల్ మాత్రం లేదు. అయితే వేడిని తట్టుకొనే గాజునార తొడుగు వైరు, స్టీలు లగ్గులు అక్కడే 220 రూపాయలకు దొరికాయి. మామూలు వైరు, ఇన్సులేషన్ టేపు ఓవెన్ వెనక పనికిరావు, కరిగిపోతాయి. చివరికి బాలానగర్‌లో ఫ్యాక్టరీలకు హీటర్లు చేసి ఇచ్చే ఒక చిన్న షెడ్డు వాళ్ళు, పాత కాయిల్ చూసి, అచ్చం అలాంటిది 2,000 వాట్లకు చేసిస్తామని 1,850 రూపాయలు అడిగారు. 25న ఇచ్చాను, 27న వినాయక చవితి రావడం వలన శనివారం, 30న చేతికి వచ్చింది.

ఆ రెండు వారాలు ఓవెన్ లేని వంటగదిలో పెద్ద నల్లటి కన్నం ఉండేది. బ్రెడ్డు అడిగేవారందరికీ ఒక్కొక్కరికీ సర్దిచెప్పడం కష్టమనిపించింది. ఇద్దరు వేరేచోట తెప్పించుకోవడం మొదలుపెట్టారు. వారిలో ఒకరు ఇప్పటికీ తిరిగి రాలేదు. చవితి నాడు ఉండ్రాళ్ళకు ఓవెన్‌తో పని లేదు గాని, ఏటా ఆ రోజు పిల్లలకు పంచే కొబ్బరి బిస్కెట్లు ఈసారి లేవని పాప అడిగినప్పుడు మనసు చివుక్కుమంది.

ఆ కన్నం వలన మాత్రం ఒక మేలు జరిగింది. అర వెనక గోడ మీద చేయి పెడితే చెమ్మగా తగిలింది. మాడ్యులర్ కిచెన్ చేసిన వడ్రంగి వెనక వైపు ప్లైవుడ్‌తో పూర్తిగా మూసేశాడు, కిందా పైనా గాలి ఆడే సందు లేదు. వేడి బయటికి పోక ప్లగ్గు కాలడానికీ, చెమ్మ ఆరక కాయిల్ పాడవడానికీ రెండింటికీ ఆ మూసివేత దోహదం చేసిందని బాబాయిగారి అభిప్రాయం. నాకూ అదే నిజమనిపిస్తుంది. మరో వడ్రంగిని పిలిచి వెనక ప్లైవుడ్‌ను అడ్డంగా కోయించి, కింద పీఠం దగ్గర జాలీ పెట్టించి, సాకెట్‌ను పక్క అరలో చేయి అందే చోటికి మార్పించాము. వడ్రంగికి 800, కొత్త 16 ఆంపియర్ల ప్లగ్గుకూ సాకెట్‌కూ కలిపి 400 అయ్యాయి.

ఆగస్టు 31, ఆదివారం బిగించాము. కొత్త కాయిల్‌ను ముందు మెగ్గర్‌తో చూస్తే 200 మెగాఓమ్‌లు దాటింది. కొసల మధ్య 26 ఓమ్‌లు. విప్పేటప్పుడు తీసిన ఫోటోలు పక్కన పెట్టుకొని ఒక్కొక్క తీగనూ దాని చోట తగిలించాము. లగ్గు బిగిసిందో లేదో ప్రతిదాన్నీ లాగి చూశాను. విప్పడానికి రెండు రోజులు పట్టిన పని బిగించడానికి గంటా యాభై నిమిషాలే పట్టింది. ఓవెన్‌ను అరలోకి తోసే ముందే, బల్ల మీద ఉండగానే, అన్ని రేకులూ మూసి, తలుపు తగిలించి ప్లగ్గు పెట్టాము. మళ్ళీ లాగవలసి వస్తుందేమోనన్న భయం అది.

ముందు 100 డిగ్రీల దగ్గర అరగంట, తరువాత 200 దగ్గర అరగంట, లోపల ఏమీ పెట్టకుండా, కిటికీలు తెరిచి నడిపాము. కొత్త కాయిల్ మీది నూనె కాలి నీలం పొగ వచ్చింది, వాసన సాయంత్రం దాకా పోలేదు. అది మామూలేనని ముందే చెప్పి ఉండకపోతే నేను ఖచ్చితంగా హడలిపోయేదాన్ని. పన్నెండో నిమిషం దగ్గర ముగ్గురమూ గడియారం వైపే చూస్తూ నిలబడ్డాము. పదమూడు అయింది. ఇరవై అయింది. మావారు ఎం.సి.బి. బాక్సు దగ్గరికి వెళ్ళి చూసి వచ్చి తల ఊపారు. అప్పుడు బాబాయిగారు ఆర్.సి.సి.బి. మీదున్న టెస్టు మీట నొక్కమన్నారు. నొక్కగానే పడిపోయింది, అంటే కాపలా కూడా సరిగ్గానే ఉంది.

సర్వీసు మనిషికీ ఎలక్ట్రీషియన్‌కూ ఇచ్చిన 1,067, కాయిల్, వైర్లు, ప్లగ్గు, స్క్రూడ్రైవర్లు, వడ్రంగి కూలి, తిరుగుళ్ళకు ఆటో ఖర్చు 500, అన్నీ కలిపి 5,287 రూపాయలు. బోర్డు మార్పించి ఉంటే 11,400 పోయి, చీలిన కాయిల్ చీలినట్టే ఉండేది. బాబాయిగారు డబ్బు మాట ఎత్తనివ్వలేదు.

సెప్టెంబరు 2న మొదటి నాలుగు బ్రెడ్లు చేశాను. ఒకటి వేడిగా గుడ్డలో చుట్టి పై అంతస్తుకు తీసుకువెళితే, పిన్నిగారు తలుపు తీసి, వాసన చూసి, లోపలికి కేకేశారు: "ఏమండీ, మీ మెగ్గర్ ఫీజు వచ్చింది." ఇప్పుడు వాడినా వాడకపోయినా వారానికి ఒకసారి ఓవెన్‌ను 100 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు వేడిచేస్తున్నాను. అది నడిచి ఆగిన ప్రతిసారీ పక్క అర తెరిచి, స్విచ్చు ఆపి, ప్లగ్గు మీద చేయి ఆనించి చూస్తున్నాను. చల్లగా ఉంటోంది.